ఇద్దరు పిల్లలు, రెండే చేతులు: కవలలను వీధిలో నడిపించడం ఎలా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. ఇంట్లో మేము తెలుగు మాట్లాడతాము, వీధిలో అందరూ ఒడియా. మా పిల్లలు కవలలు, ఒక బాబు, ఒక పాప. ఈ నెలతో 22 నెలలు నిండుతాయి. మా వారు సూరత్‌లో పనిచేస్తూ నాలుగు నెలలకు ఒకసారి ఇంటికి వస్తారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉండడం వల్ల గుమ్మం దిగి నాలుగడుగులు వేయడమే కష్టం. అందువల్ల సాయంత్రం పూట పిల్లలను బయటికి తీసుకువెళ్లవలసింది నేనొక్కదాన్నే. తీసుకువెళ్లకుండా ఉందామంటే, మాది రెండు గదుల అద్దె ఇల్లు; అయిదు గంటలయ్యేసరికి ఇద్దరూ వీధి తలుపు దగ్గర చేరి, గొళ్లెం వైపు చూపిస్తూ ఏడుపు మొదలుపెడతారు.

గత గురువారం గుడి నుంచి తిరిగి వస్తున్నప్పుడు జరిగిన ఒక సంఘటన నన్ను ఇక్కడ రాయించింది. కుడి చేత్తో బాబును, ఎడమ చేత్తో పాపను పట్టుకుని వీధి అంచున నడుస్తున్నాను. అవతలి వైపు ఒక లేగదూడ కనబడగానే పాప చెమట పట్టిన తన చేతిని లాక్కుని పరుగెత్తింది. పాపను అందుకోవడానికి నేను బాబు చేయి వదిలాను. నాలుగడుగుల్లో పాపను పట్టుకున్నాను గాని, వెనక్కి తిరిగి చూసేసరికి బాబు వీధి మధ్యలో చతికిలబడి మట్టి గీరుతున్నాడు. వాడికి మూరెడు దూరంలో ఒక మోటారు సైకిల్ ఆగి ఉంది. ఆ బండి నడిపే యువకుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమోనని ఆ రాత్రంతా అనిపించింది.

నా సందేహాలు ఇవి. ఒకరే పెద్దవారు ఉన్నప్పుడు ఇద్దరు చిన్నపిల్లలను సురక్షితంగా నడిపించడం అసలు సాధ్యమేనా? వీపుకు తగిలించే సంచికి పట్టీ ఉండి, ఆ పట్టీని పెద్దవాళ్లు పట్టుకునే రకం ఒకటి ఫోన్‌లో చూశాను. అది మంచిదేనా? మా అత్తగారికి ఆ బొమ్మ చూపిస్తే, "పిల్లలకు పశువుల్లా పలుపు వేసి ఊరంతా తిప్పుతావా" అని నొచ్చుకున్నారు. ఇద్దరు కూర్చునే స్ట్రోలర్ కొంటే మా వీధుల్లో తోయగలనా? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పగలరని ప్రార్థన.

జవాబు: బరంపురం నుంచి, ఇద్దరు మగ కవలల తల్లి

చెల్లెమ్మా, ముందుగా ఒక మాట. మీకు జరిగినది నిర్లక్ష్యం వల్ల కాదు, లెక్క తప్పడం వల్ల. మా పిల్లలకు ఇప్పుడు ఆరేళ్లు. వాళ్లకు రెండేళ్ల వయసులో నేనూ సరిగ్గా మీలాగే కుడి చేత ఒకడిని, ఎడమ చేత ఒకడిని పట్టుకుని నడిచేదాన్ని. చూడడానికి అది ఎంతో భద్రంగా కనిపిస్తుంది. ఆలోచించి చూడండి: రోడ్డు అంచున అలా నడిచినంతసేపూ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా వాహనాల వైపే ఉంటారు. పైగా ఒకరు చేయి విడిపించుకుంటే వారిని పట్టుకోవడానికి మనకు మిగిలే చేయి లేదు. రెండో బిడ్డను వదిలితేనే ఆ చేయి దొరుకుతుంది. అంటే ఒక్క చేయి జారితే ఇద్దరూ జారినట్లే. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 8 మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. మన వీధుల్లో ఆ వేగాన్ని ఎవరూ వేగమనే అనుకోరు.

అందువల్ల నేను పెట్టుకున్న నియమం ఇది. బయట ఉన్నంతసేపూ ఇద్దరిలో ఒకరు కదలలేని చోట ఉండాలి. అది స్ట్రోలర్ కావచ్చు, వీపున కట్టుకునే సంచి కావచ్చు, చంక కావచ్చు. నడిచేది ఒక్కరే, ఆ ఒక్కరూ వాహనాలకు దూరంగా ఉండే చేతి వైపు నడవాలి. గుడి దాకా ఒకడు, తిరుగు దారిలో మరొకడు. మొదటి వారం రోజులూ కూర్చున్నవాడు ఏడ్చాడు. తర్వాత తన వంతు వస్తుందని వాడికి అర్థమైంది, అరటిపండు చేతిలో ఉంటే ఇంకా త్వరగా అర్థమైంది. ఇద్దరూ ఒకేసారి విడిగా తిరగడం గేటు వేసిన ఆవరణల్లో మాత్రమే. గేటు గొళ్లెం మీ చేత్తో మీరే వేసి, ఇంకో దారి ఉందేమో ఒకసారి చుట్టూ చూసిన తర్వాతే వదలండి. గుడి ఆవరణ అయితే కోనేరు, బావి ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి. ఈ వయసు పిల్లలు జానెడు లోతు లేని నీళ్లలో కూడా మునిగిపోగలరు, అదీ చప్పుడు లేకుండా.

స్ట్రోలర్ సంగతి. రెండు రకాలు ఉంటాయి. పక్కపక్కన కూర్చునే రకం దాదాపు 75 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఒకరి వెనుక ఒకరు కూర్చునే రకం సన్నగా ఉండి, పొడుగ్గా, బరువుగా ఉంటుంది. నేను కొలత చూసుకోకుండా మొదటి రకం కొన్నాను. మా ఇంటి గేటు 70 సెంటీమీటర్లే. ప్రతిరోజూ బండి మడిచి బయట పెట్టి, విప్పి, పిల్లలను ఎక్కించాలి; ఆ మడిచి విప్పే సమయంలోనే ఇద్దరూ విడిగా ఉంటారు గదా! మూడు నెలల తర్వాత దానిని అమ్మేసి, ఒక్కరు కూర్చునే మామూలు స్ట్రోలర్ కొన్నాను. మీకూ అదే చెబుతాను. రెండేళ్ల పిల్లలిద్దరి బరువూ, బండి బరువూ కలిపితే మీరొక్కరే మురుగు కాలువ మీది పలకల మీదుగా ఎత్తి దాటించలేరు. ఒక్కరిని కూర్చోబెట్టిన చిన్న బండి అయితే దాటించగలరు.

ఏ బండి అయినా భుజాలకు, నడుముకు, కాళ్ల మధ్యకు కలిపి వచ్చే బెల్టు పూర్తిగా పెట్టండి. నడుము బెల్టు ఒక్కటే పెడితే వాడు లేచి నిలబడతాడు. కూరగాయల సంచి హ్యాండిల్‌కు తగిలించకండి. పిల్లవాడిని దింపగానే ఆ బరువుకు బండి వెనక్కి పడిపోతుంది. ఇంకొకటి నాకు ఆలస్యంగా తట్టిన విషయం. ఆగి ఉన్న లారీ పక్క నుంచి రోడ్డు దాటేటప్పుడు మన కళ్లకు అవతలి వైపు కనబడకముందే బండి ముందు భాగం, అంటే పిల్లవాడి కాళ్లు, రోడ్డు మీదికి వెళ్లిపోతాయి. అటువంటి చోట బండిని వెనుక ఆపి, మనం ఒక అడుగు ముందుకు వేసి చూసి, ఆ తర్వాత కదిలించాలి.

పిల్లలు తప్పిపోవడం గురించి కూడా చెప్పాలి. మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. రాత్రి పూట జనం, వేషాలు, డప్పులు. పులివేషం చూస్తూ నిలబడిపోయిన మా పెద్దవాడు కొన్ని నిమిషాలు కనిపించలేదు. ఎన్ని నిమిషాలో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ రోజు మమ్మల్ని కాపాడింది ఒకే రంగు చొక్కాలు. చిన్నవాడిని ఎత్తి పట్టుకుని, "అచ్చం ఇలాంటి పిల్లవాడే, ఇదే చొక్కా" అని అరిచాను. చుట్టూ ఉన్నవారు ఇక నన్నేమీ అడగవలసిన అవసరం రాలేదు. అప్పటి నుంచి జనంలోకి వెళ్లేటప్పుడు ఇద్దరికీ కొట్టొచ్చినట్లు కనబడే ఒకే రంగు బట్టలు వేసి, గుమ్మం దాటేముందు ఫోన్‌లో ఒక ఫొటో తీస్తాను. మీకు బాబూ పాపా కాబట్టి ఒకేలా ఉండరు, కానీ రంగు ఒకటే అయినా సగం పని జరుగుతుంది.

పిల్లవాడు కనబడకపోతే మౌనంగా వెతకకండి. సిగ్గుపడకుండా, వయసు, చొక్కా రంగు చెబుతూ గట్టిగా అరవండి. నీళ్లు, రోడ్డు ఏ వైపు ఉంటే ముందు ఆ వైపు చూడండి. 112కు గాని, పిల్లల సహాయ నంబరు 1098కి గాని వెంటనే ఫోన్ చేయండి. ఆ కంగారులో రెండో బిడ్డ చేయి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి, "ఇక్కడే నిలబడు" అని చెప్పి వెళ్లకండి. కవలల తల్లులు చేసే పెద్ద పొరపాటు అదే. నేనూ ఒక క్షణం చేయబోయాను.

ఆటో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వరుస కూడా ముఖ్యం. ఆటో పూర్తిగా ఆగిన తర్వాత ఎడమ వైపు నుంచే ఎక్కాలి. దిగేటప్పుడు ముందు మనం దిగి, తలుపులాగా అడ్డం నిలబడి, ఒక్కొక్కరినీ దించుకోవాలి. ముందు పిల్లలను దించి మనం సంచులు తీసుకుంటూ కూర్చుంటే, ఆ పది సెకన్లు చాలు వాళ్లకు.

జవాబు: రాయగడ నుంచి, పిల్లల వార్డులో పనిచేసిన నర్సు

పై సోదరి చెప్పినవన్నీ అనుభవంతో చెప్పిన మాటలు. నేను చేతిని గురించి, పట్టీని గురించి మాత్రమే రాస్తాను.

పరుగెత్తే పిల్లను మణికట్టు పట్టుకుని ఒక్కసారిగా వెనక్కి లాగడం మనందరికీ అలవాటు. ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లల్లో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే కట్టు ఇంకా వదులుగా ఉంటుంది. చేతిని చాచిన స్థితిలో అలా లాగితే ముంజేతి ఎముక తల ఆ కట్టులోంచి కొద్దిగా జారుతుంది. మురుగు కాలువ దాటించేటప్పుడు ఒక చేయి పట్టి ఎత్తినా, ఇద్దరు పెద్దవాళ్లు చెరో చేయి పట్టుకుని ఊపుతూ ఆడించినా ఇదే జరుగుతుంది. వాపు ఉండదు, గాయం కనబడదు. బిడ్డ ఆ చేతిని కొద్దిగా వంచి ఒంటికి ఆనించుకుని, బొమ్మ ఇచ్చినా ఆ చేత్తో అందుకోదు. ముట్టుకుంటే ఏడుస్తుంది. తెలిసిన వైద్యుడు ఒక్క నిమిషంలో దానిని సరిచేస్తారు, సాధారణంగా కాసేపటికే బిడ్డ ఆ చేయి మామూలుగా వాడుతుంది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు, నూనె రాసి పట్టు వేయించకూడదు. బిడ్డ కింద పడి ఉన్నా, వాపు కనబడినా అది ఎముక విరగడం కావచ్చు గనుక ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. ఒకసారి జారిన చేయి మళ్లీ జారే అవకాశం ఉంటుంది. ఎత్తవలసి వస్తే రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తండి.

మీ అత్తగారికి ఈ విషయం చెబితే పట్టీ మీద కోపం తగ్గవచ్చు. పట్టీ ఛాతీకి, భుజాలకు తగిలి ఉన్నప్పుడు బిడ్డ లాగినా ఆ ఒత్తిడి మొండెం మీద పడుతుంది, మోచేతి మీద పడదు. అందుకే మణికట్టుకు కట్టే స్ప్రింగు తాడు కంటే వీపు సంచి రకమే మేలు. ఛాతీ మీద క్లిప్పు తప్పనిసరిగా ఉండాలి. పట్టీ మెడ దగ్గరికి ఏ విధంగానూ రాకూడదు. అమ్మే పట్టీలు చాలావరకు పొడవుగా ఉంటాయి. అంత పొడవు మైదానంలో సరే గాని, మన వీధుల్లో బిడ్డ రోడ్డు మధ్య దాకా వెళ్లడానికి అది చాలు. అందువల్ల మీ చేతికి ఒక చుట్టు చుట్టి, మీరు వంగి చేయి చాస్తే బిడ్డ భుజం అందేంత పొడవే వదలండి. ఉచ్చును మీ మణికట్టుకు వేసుకుని పట్టీని పిడికిట్లో పట్టుకోండి. మీ నడుముకు మాత్రం కట్టుకోకండి. మీరు జారి పడితే పిల్లలిద్దరూ మీతోపాటు పడతారు. ఇద్దరికీ పట్టీలు వేస్తే రెండూ మెలిపడతాయి, ఒక పట్టీ ఒక స్ట్రోలర్ అన్నదే ఆచరణలో నిలుస్తుంది. పార్కులో జారుడుబల్ల, ఊయల దగ్గరికి వెళ్లగానే పట్టీ పూర్తిగా విప్పేయండి, అక్కడ అది చిక్కుకుంటే ప్రమాదం. ఆటో ఎక్కేటప్పుడూ వేలాడకుండా చుట్టి పట్టుకోవాలి. మన చీర కొంగు, చున్నీ సంగతి కూడా అంతే. పక్కన వెళ్లే బండి చక్రానికి తగులుకునేది అదే.

కుక్కల గురించి ఒక మాట. ఈ వయసు పిల్లల ముఖం వీధికుక్క ముఖంతో సమానమైన ఎత్తులో ఉంటుంది, చేతిలో బిస్కెట్ ఉంటే దానికి పోటీ కూడా ఉంటుంది. వీధిలో నడిచేటప్పుడు తినుబండారం చేతికివ్వకండి. పై సోదరి చెప్పిన అరటిపండు బండిలో కూర్చున్నవాడికే. కరిచినా, గీరినా, పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట సేపు కడిగి, పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చిన్న గీత అని వదిలేయకూడదు.

వేసవిలో ఉదయం ఎనిమిది లోపల, సాయంత్రం అయిదున్నర తర్వాత మాత్రమే బయటికి వెళ్లండి. ఎండకు అడ్డమని స్ట్రోలర్ మీద తువాలు కప్పితే లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. నీడకు గొడుగు పట్టుకోవచ్చు గాని, మీకు ఖాళీ చేయి ఎక్కడిది!

జవాబు: గుణుపూర్ నుంచి, విశ్రాంత ఉద్యోగి, మనవళ్ల తాత

అమ్మా, మీ అత్తగారి వయసువాడిని కాబట్టి ఆమె తరఫున కూడా ఒక మాట చెబుతాను. ఆమె నొచ్చుకున్నది పట్టీని చూసి కాకపోవచ్చు. ఇద్దరు పిల్లలను ఒక్క కోడలు మోసుకు తిరగవలసి వచ్చిందే అన్నది ఆమె బాధ అయి ఉండవచ్చు. మా చిన్నతనంలో అమడపిల్లలు పుడితే ఒకరు తల్లి దగ్గర, ఒకరు అమ్మమ్మ దగ్గర పెరిగేవారు. చేతులు ఎక్కువ, బండ్లు తక్కువ. ఇప్పుడు తిరగబడింది.

అయినా బిడ్డను ఒంటికి కట్టుకోవడం మన ప్రాంతానికి కొత్తా? మీ గజపతి జిల్లా కొండల మీది సవర స్త్రీలు బిడ్డను గుడ్డతో వీపున కట్టుకునే పొలం పనికి, సంతకూ నడిచి వస్తారు. వాళ్లను చూసి ఎవరూ పలుపు అనరు. మొలతాడు కట్టడం, దిష్టిచుక్క పెట్టడం, కాళ్లకు మువ్వలు వేయడం కూడా బిడ్డను కాపాడుకోవాలన్న ఉద్దేశంతో చేసేవే. ముఖ్యంగా మువ్వలు. మా మనవడికి, మనవరాలికి వేరువేరు ధ్వని వచ్చే మువ్వలు వేయించాము. కూరలు బేరం చేస్తున్నా ఏ బిడ్డ ఏ వైపు కదిలిందో చెవికి తెలిసేది. చప్పుడు ఆగిపోతే తల తిప్పి చూడాలని కూడా తెలిసేది. మువ్వ ఊడితే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు గనుక వారానికి ఒకసారి గట్టిగా లాగి చూసేవాళ్లం.

రోడ్డు సంగతి. నడిచేవారి కోసం ప్రత్యేకమైన బాట లేని చోట కుడి అంచున నడవాలి, ఎదురుగా వచ్చే బండి మన కళ్లకు కనబడేలా. ఎడమ అంచున నడిస్తే బండి వెనుక నుంచి వస్తుంది. వెనుక నుంచి వచ్చేది చెవికి వినబడుతుంది గదా అనే రోజులు పోయాయి; బ్యాటరీ రిక్షాలు చప్పుడు లేకుండా పక్కకు వచ్చేస్తున్నాయి. కుడి అంచున నడిచేటప్పుడు వాహనాలు మీ ఎడమ వైపున ఉంటాయి కాబట్టి నడిచే బిడ్డ మీ కుడి చేతిలో ఉండాలి.

మీ ఊరికీ మా ఊరికీ ఉన్న రైలు మార్గం గురించి తప్పక చెప్పాలి. పర్లాకిమిడి చిన్న రైలు 1900లో మొదలైనది. మా తరం వాళ్లం దానితోనే పెరిగాము. అంత నెమ్మదిగా వచ్చే బండి ముందు నుంచి పట్టాలు దాటడం మాకు ఆటగా ఉండేది. ఆ జ్ఞాపకం ఉన్న పెద్దవాళ్లు ఇప్పటికీ "రైలు అంత దూరంలో ఉంది, దాటెయ్" అంటారు. ఇప్పుడు అది పెద్ద లైను. దూరంలో కనబడే రైలు వేగాన్ని కంటితో అంచనా వేయడం ఎవరి వల్లా కాదు. గేటు వేసి ఉంటే పిల్లలతో దాని కింద నుంచి దూరకండి. గేటు తీసి ఉన్నా స్ట్రోలర్‌ను పట్టాలకు అడ్డంగా, తిన్నగా తోయండి. ఏటవాలుగా తోస్తే చిన్న చక్రం పట్టా పక్కన ఉండే సందులో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే బండిని లాగుతూ కూర్చోవద్దు. బెల్టు తీసి బిడ్డను ఎత్తుకుని ముందు అవతలికి వెళ్లండి, బండి సంగతి తర్వాత.

జవాబు: జయపురం నుంచి, అంగన్‌వాడీ కార్యకర్త

అందరూ పట్టీని సమర్థిస్తున్నారు గనుక నేను కొంచెం భిన్నంగా చెబుతాను. పట్టీ వద్దని కాదు. పట్టీ ఉన్నది గదా అని ఆగడం నేర్పకపోతే, మూడున్నర ఏళ్లకు పట్టీ విప్పిన రోజున ఆ బిడ్డకు ఏమీ తెలియదు. అటువంటి పిల్లలు మా కేంద్రానికి వస్తూనే ఉంటారు.

ఆగడం ఆటగా నేర్పాలి, ఇంట్లోనే. పిల్లలతో కలిసి గదిలో నడుస్తూ ఒక మాట అనగానే మీరు బొమ్మలా నిలబడిపోండి. వాళ్లు మిమ్మల్ని చూసి నిలబడతారు, నవ్వుతారు. రోజుకు పదిసార్లు చేస్తే రెండు మూడు వారాల్లో ఆ మాటకు కాలు ఆగడం మొదలవుతుంది. మీ ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా అన్నారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. తల్లి "ఆగు" అంటుంది, పక్కింటి మావుసి (పిన్ని) ఒడియాలో "రుహ" అంటుంది, తండ్రి ఫోన్‌లో "స్టాప్" అంటాడు. రెండేళ్ల బిడ్డకు అవి మూడు వేరు వేరు మాటలు. ఏదో ఒక మాటే ఎంచుకుని, ఇంట్లోవాళ్లకూ ఇరుగుపొరుగుకూ చెప్పి, అందరూ అదే వాడాలి. ఆ మాటను వేరే వాటికి వాడకూడదు. అన్నం పారబోస్తున్నప్పుడు, గోడ మీద గీస్తున్నప్పుడు కూడా అదే మాట అంటే దాని పదును పోతుంది.

"పరుగెత్తకు" అని చెబితే ఈ వయసువారికి "పరుగెత్తు" అన్నదే చెవిన పడుతుంది. ఏం చేయకూడదో కాదు, ఏం చేయాలో చెప్పండి: "అమ్మ చేయి పట్టుకో", "గోడ ముట్టుకో". గోడ ముట్టుకో అన్న మాట కవలలకు చాలా ఉపయోగం. మీరు ఒకరికి చెప్పు తొడుగుతున్నంతసేపు రెండోవారు గోడకు చేయి ఆనించి నిలబడడం నేర్చుకుంటారు. అంతవరకే సుమా! ఎంత బాగా నేర్చుకున్నా ఈ వయసులో దాని మీద ఆధారపడి చేయి వదలకూడదు. వచ్చే బండి వేగం ఎంతో, అది ఎంత దూరంలో ఉందో అంచనా వేసే శక్తి పిల్లలకు దాదాపు పదేళ్ల వయసు దాకా సరిగ్గా రాదు.

ప్రశ్న అడిగిన తల్లి, మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా చేసి చూసి రాద్దామని ఆలస్యం చేశాను.

ఇంటి గేటు కొలిచాను, 66 సెంటీమీటర్లు. ఇద్దరి స్ట్రోలర్ ఆలోచన అక్కడితో ముగిసింది. మా ఆడపడుచు కొడుకు వాడి వదిలేసిన ఒక్కరి స్ట్రోలర్ అటక మీద ఉంటే దింపి, బ్రేకు బాగు చేయించాను. పట్టీ ఉన్న సంచి ఒకటి తెప్పించాను. పట్టీ నిజంగానే చాలా పొడవు. దర్జీ దగ్గరికి తీసుకువెళ్లి సగానికి మడిచి కుట్టించాను. వెళ్లేటప్పుడు పాప నడుస్తుంది, వచ్చేటప్పుడు బాబు నడుస్తాడు. వంతులు మార్చే చోటు కూడా నిర్ణయించుకున్నాను: గుడి ప్రహరీ లోపల, గేటు వేసిన తర్వాత. మొదట రోడ్డు పక్కన అరుగు దగ్గర మార్చాను గాని, ఒకరి బెల్టు విప్పి మరొకరిని కూర్చోబెట్టే ఆ అరనిమిషమే అన్నిటికంటే ప్రమాదమని రెండో రోజే అర్థమైంది. కొత్తగా మొదలుపెట్టేవారు దీనిని గమనించండి.

నర్సుగారు రాసిన మోచేతి సంగతి మా అత్తగారికి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మా వారికి మూడేళ్ల వయసులో సంతలో చేయి పట్టి లాగితే రెండు రోజులు అన్నం కూడా ఎడమ చేత్తోనే తిన్నారని, ఎవరి దిష్టో తగిలిందనుకుని ఎర్రనీళ్లు తీశామని చెప్పారు. మరునాడు పాప సంచికి ఆమే ఒక చిన్న మువ్వ కుట్టి ఇచ్చారు. బాబుకు వేరే ధ్వని ఉన్నది కావాలని వెతుకుతున్నారు. గుణుపూర్ తాతగారూ, మీ మాట ఆమెకు చెప్పాను, నవ్వి ఊరుకున్నారు.

మా ఇంట్లో "రుహ" అన్న మాటే పెట్టుకున్నాము, వీధిలో అందరికీ అలవాటైన మాట అదే గనుక. మా వారు కూడా రాత్రి వీడియోకాల్‌లో రోజూ ఆ ఆట ఆడిస్తున్నారు. నిన్న సాయంత్రం మళ్లీ ఆ లేగదూడే, అదే మలుపు దగ్గర. బాబు నడిచే వంతు. "రుహ" అన్నాను. బండిలో బెల్టు పెట్టుకుని కూర్చున్న పాప చప్పున చేతులు రెండూ కదలకుండా బిగపట్టి నా వైపు చూసింది. బాబు మాత్రం దూడ వైపు రెండడుగులు వేశాడు. పట్టీ నా పిడికిట్లో ఉంది.